1969 కమారో జెడ్/28 అసలుదేనా? కొట్టంలో దొరికిన కారు ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు: ముట్టుకోకుండా చూడటం

కారు 1969 షెవర్లే కమారో, రెండు తలుపుల హార్డ్‌టాప్. ఒహాయోలో ఒక పాత కొట్టంలో ఏళ్ల తరబడి పడి ఉంది. టైర్లు నాలుగూ నేలకు అతుక్కుపోయాయి. డ్రైవరు కాళ్ల దగ్గర నేల రేకు పోయింది, డిక్కీ అడుగున చెయ్యి దూరేంత కన్నం ఉంది. పైన ఎర్ర రంగు. ఇంజన్ కారులోనే ఉంది, కార్బురేటర్ లేదు. అమ్మేవాళ్ల మాట: "అసలు జెడ్/28, నంబర్లన్నీ కలుస్తాయి." అంటే ఇంజన్, గేర్‌బాక్స్ ఫ్యాక్టరీలో ఈ కారుకే బిగించినవని.

ఆ మాటను గుడ్డిగా నమ్మడానికి లేదు, కొట్టిపారేయడానికీ లేదు. 1969 మోడల్ కమారోలు మొత్తం 2,43,085 తయారైతే, వాటిలో జెడ్/28లు 20,302. ట్రాన్స్-యామ్ పందేల్లో ఇంజన్ 5 లీటర్లు దాటకూడదన్న నిబంధన కోసం పుట్టిన కారు ఇది. 4 అంగుళాల బోరు (సిలిండరు వెడల్పు), 3 అంగుళాల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 302 ఘనపుటంగుళాలు. కంపెనీ చెప్పిన శక్తి 290 హార్స్‌పవర్. మామూలు కమారోను జెడ్/28గా మార్చడానికి కావలసిన బిళ్లలు, చారలు, బానెట్, స్పాయిలర్ అన్నీ ఇవాళ కొత్తవి దొరుకుతాయి. అందుకే పైకి కనిపించే ఏ గుర్తునూ మేము లెక్కలోకి తీసుకోలేదు.

ఈ దశలో చేయకూడని పనులు మూడు. ప్రెషర్ వాషర్ పెట్టకూడదు. ఫ్యాక్టరీలో సుద్దతో, రంగుతో పెట్టిన గుర్తులు, అంటించిన కాగితాలు ఒక్క దెబ్బకు పోతాయి. ఇంజన్ తిప్పడానికి ప్రయత్నించకూడదు. ఏ నంబరు మీదా వైరు బ్రష్ వేయకూడదు. ముందు ఫొటోలు తీయాలి. ప్రతి నంబరుకూ ఎదురుగా ఒకటి, టార్చి లైటు పక్కనుంచి వాలుగా పడేలా ఇంకొకటి. వాలు వెలుతురులో అంకెల లోతు నీడగా పడుతుంది, ఎదురు వెలుతురులో ఆ తేడా కనిపించదు.

రెండో రోజు: వీఐఎన్, దాని హద్దు

వీఐఎన్ అంటే ప్రతి కారుకూ ఫ్యాక్టరీ ఇచ్చే గుర్తింపు నంబరు. డ్యాష్‌బోర్డు మీద డ్రైవరు వైపు, అద్దంలోంచి కనిపించే పలక: 124379ఎన్5, ఆ తర్వాత ఐదు అంకెలు (వాటిని ఇక్కడ రాయడం లేదు). 1 అంటే షెవర్లే, 24 అంటే వీ8 కమారో, 37 అంటే హార్డ్‌టాప్, 9 అంటే 1969, ఎన్ అంటే ఒహాయోలోని నార్‌వుడ్ ఫ్యాక్టరీ. 24 ఉండాల్సిన చోట 23 ఉంటే అది ఆరు సిలిండర్ల కారు, అక్కడితో పని అయిపోయేది. 37 బదులు 67 ఉంటే కన్వర్టిబుల్. 1969లో జెడ్/28 హార్డ్‌టాప్‌గానే వచ్చింది కాబట్టి అదీ అంతే.

ఈ కారు ఆ రెండు జల్లెళ్లనూ దాటింది. అయితే వీఐఎన్ ఇంతకు మించి ఏమీ చెప్పదు. జెడ్/28 ఒక ఆప్షన్ కోడ్ మాత్రమే, వీఐఎన్‌లో దానికి చోటు లేదు. 307 ఇంజన్ కమారోకూ 302 జెడ్/28కూ ఒకే 124379 వస్తుంది.

పలకను పట్టుకున్న రెండు రివెట్లూ ఆరు రేకుల పువ్వు ఆకారంలో ఉన్నాయి, ఉండాల్సింది అదే. రివెట్ల చుట్టూ గీతలు, పలక అంచు వంగడం, కింద జిగురు లేవు. దీన్ని విప్పి వెనక చూద్దామన్న ఆలోచన రానీయకండి. వీఐఎన్ పలకను తొలగించడం, మార్చడం అమెరికా ఫెడరల్ చట్టం కింద శిక్ష పడే నేరం.

మూడో రోజు: ఫైర్‌వాల్ మీది ట్యాగ్

బానెట్ ఎత్తితే ఫైర్‌వాల్ (ఇంజనుకూ కూర్చునే చోటుకూ మధ్య అడ్డ రేకు) మీద డ్రైవరు వైపు, బాడీ కట్టిన ఫిషర్ బాడీ వాళ్ల ట్యాగ్ ఉంటుంది. మా కారు ట్యాగ్‌లో పనికొచ్చే ముక్కలు ఇవి: 02బీ, అంటే బాడీ కట్టింది ఫిబ్రవరి రెండో వారం. 711, అంటే నల్లటి మామూలు సీట్లు. 57 57, అంటే కిందా పైనా ఫాదమ్ గ్రీన్ రంగు. చివర ఎక్స్77.

ఎక్స్77 అంటే అలంకారాల ప్యాకేజీ లేని జెడ్/28. ఆ ప్యాకేజీ కూడా ఉంటే ఎక్స్33 పడుతుంది. సాదా కారుకు ఎక్స్44. ఈ ఎక్స్ కోడ్లు నార్‌వుడ్ కార్లకే ఉంటాయి, అదీ సుమారు 1968 డిసెంబరు నుంచి. కాలిఫోర్నియాలోని వాన్ నైస్ కార్లకు అసలు లేవు. ఫిబ్రవరి నార్‌వుడ్ కారు కాబట్టి దీనికి ఎక్స్ కోడ్ ఉండి తీరాలి, ఉంది.

చాలామంది ఇక్కడే సంతోషపడి ఆగిపోతారు. ఈ ట్యాగ్ మీద ఫిషర్ బాడీ నంబరు ఉంటుంది కానీ వీఐఎన్ ఉండదు. అంటే ట్యాగ్‌ను ఈ కారుకు కట్టిపడేసే తాడు ఏదీ ట్యాగ్‌లో లేదు. పైగా కొత్త ట్యాగులు కోరిన అక్షరాలతో చేసి అమ్ముతారు. కాబట్టి ట్యాగ్ చెప్పిన ప్రతి మాటకూ కారు రేకులోంచి వేరే సాక్ష్యం రావాలి. ఫాదమ్ గ్రీన్ అంటోందా, ఆకుపచ్చ దొరకాలి. నల్ల సీట్లు అంటోందా, నలుపు దొరకాలి. ఫిబ్రవరి అంటోందా, భాగాల మీది తారీఖులు జనవరి చుట్టూ ఉండాలి.

రంగు వెతకడానికి పైన గోకక్కర్లేదు. ఎర్ర రంగు కొట్టినవాళ్లు ఎక్కడ బద్ధకించారో అక్కడ చూడాలి. డ్యాష్‌బోర్డు మెత్త కింద రేకు, తలుపు రబ్బరు కింది గాడి, వెనక సీటు వెనుక రేకు: మూడు చోట్లా ముదురాకుపచ్చ. ఫ్యాక్టరీ రంగు కింద వేరే రంగు లేదు, ప్రైమరు మాత్రమే ఉంది. వెనక సీటు గుడ్డ పోయినా, కుట్ల మడతల్లో నల్ల వినైల్ మిగిలే ఉంది.

నాలుగో రోజు: డిక్కీ మూత మీద రూపాయి బిళ్లంత చోటు

జెడ్/28కు బానెట్ మీదా డిక్కీ మూత మీదా రెండేసి వెడల్పాటి చారలు ఉంటాయి. ఈ కారు బానెట్ తర్వాత మార్చింది, దాని అడుగున ఆకుపచ్చ లేదు. డిక్కీ మూత అడుగున మాత్రం బాడీలో ఉన్న ఆకుపచ్చే ఉంది. కాబట్టి చారల సంగతి ఆ మూత మీద తేలాలి.

చార అంచు పడే చోట రూపాయి బిళ్లంత మేర 600 నంబరు తడి కాగితంతో మొదలుపెట్టి, రంగు మారగానే 1000కి మారాం. చేత్తో, సబ్బు నీళ్లతో, గుండ్రంగా. మిషన్ పెడితే రెండు సెకన్లలో రేకు దాకా వెళ్లిపోతుంది, చదవాల్సిన పొరలు పొడి అయిపోతాయి. అరిగిన అంచున పొరలు చెట్టు మొద్దులో వలయాల్లా బయటపడ్డాయి: ఎరుపు, బూడిద రంగు ప్రైమరు, ఇంకో ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, ఫ్యాక్టరీ ప్రైమరు, రేకు. తెలుపు బిళ్ల సగంలోనే ఉంది, సూటి గీత దగ్గర ఆగిపోయింది. ఆ గీత అవతల ఎరుపు నేరుగా ఆకుపచ్చ మీద కూర్చుంది. అంటే తెల్ల చార ఆకుపచ్చ మీద వేసింది, ఎర్ర రంగులన్నీ ఆ తర్వాతివి.

ఎస్ఎస్ (కమారోలో ఇంకో వేగమైన రకం) కూడా అడుగు భాగాల్లో జెడ్/28ను పోలి ఉంటుంది, ఆ భాగాలు కొన్ని రెంటికీ ఒకటే. ఇలాంటి ఆకుపచ్చ కారు మీద ఈ వెడల్పు చారలు మాత్రం జెడ్/28 గుర్తు. ఫ్యాక్టరీ రంగు మీద నేరుగా కూర్చున్న చార, అదే రంగు చెప్పే ఎక్స్77 ట్యాగ్: ఈ రెండూ కలిసి నిలబడితే బలమైన సాక్ష్యం, విడివిడిగా చూస్తే రెంటినీ తేలిగ్గా సృష్టించవచ్చు.

ఆరో రోజు: దాచిన నంబర్లు

1969 కమారో బాడీలో వీఐఎన్ కుదించిన రూపం ఇంకో రెండు చోట్ల గుద్ది ఉంటుంది. ఒకటి అద్దం ముందుండే జాలీ రేకు కింద కౌల్ (అద్దం అడుగున అడ్డంగా ఉండే రేకు) మీద, ఇంకొకటి ఫైర్‌వాల్ మీద హీటర్ ఫ్యాను డొక్క వెనక. పైన పలక మార్చినవాళ్లు ఈ రెంటి దాకా రావడం అరుదు.

నట్లూ బోల్టులూ అంగుళాల కొలతవి. మిల్లీమీటరు సాకెట్ సుమారుగా కూర్చుంటుంది, తుప్పు బోల్టు మీద సుమారు అంటే తల గుండ్రం కావడమే. చొచ్చుకుపోయే నూనె రెండు రాత్రులు ముందుగా పోసి ఉంచాం. వైపర్లు తీసి, జాలీ రేకు ఎత్తితే కింద గుప్పెళ్ల కొద్దీ కుళ్లిన ఆకులు, ఎలుక గూడు. నీరు నిలిచే చోటు కాబట్టి ఆ రేకే ముందు కుళ్లుతుంది. తొమ్మిది అక్షరాల్లో ఐదే చదవగలిగాం.

హీటర్ డొక్క వెనక పరిస్థితి మెరుగ్గా ఉంది. అంకెల మీది తుప్పును గోకలేదు. తుప్పు కరిగించే ద్రావణంలో (యాసిడ్ కానిది) గుడ్డ తడిపి అంటించి, పైన ప్లాస్టిక్ కప్పి ఐదు గంటలు ఉంచి, నైలాన్ బ్రష్‌తో తుడిచాం. యాసిడ్ అయితే తుప్పుతో పాటు అంకెల అంచులనూ తినేస్తుంది. తొమ్మిది అక్షరాలూ తేటగా వచ్చాయి: 19ఎన్5, ఆపై ఐదు అంకెలు. డ్యాష్ పలకతో పూర్తిగా కలిశాయి. కౌల్ మీద చదవగలిగిన ఐదూ కలిశాయి.

ఇవి కలవకపోతే అక్కడ పని ఆపేయాలి. అది రెండు కార్ల అతుకైనా కావచ్చు, దొంగ బండైనా కావచ్చు. డబ్బు చేతులు మారకముందే పోలీసుల చేత వీఐఎన్ తనిఖీ చేయించాలి.

ఏడో రోజు: అడుగు భాగాలు

త్వరగా అయిపోయిన పని. వెనక కమాన్ కట్టలో ఒకటి కాదు, అనేక పట్టీలు ఉన్నాయి. సాదా కమారోలకు ఒక్క పట్టీ కమానే వచ్చింది. పెట్రోలు పైపు వెర్నియర్‌తో 9.5 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు. చిన్న ఇంజన్ల పైపు 7.9 ఉంటుంది. వెనక ఇరుసు హౌసింగ్ (చక్రాలను తిప్పే పళ్లచక్రాలుండే గుల్ల) మూతకు 12 బోల్టులు.

హౌసింగ్ కుడి గొట్టం ముందు వైపు గ్రీజూ మట్టీ కిరోసిన్‌తో కడిగితే బీయూ 0124 అని గుద్ది ఉంది. బీయూ అంటే 3.73 నిష్పత్తి, 0124 అంటే జనవరి 24. మూత విప్పి పళ్లు లెక్కపెట్టాం: పెద్ద చక్రానికి 41, చిన్నదానికి 11. 41ని 11తో భాగిస్తే 3.73. గొట్టం మీది కోడ్ ఎప్పటికీ మారదు, లోపలి పళ్లచక్రాలు ఎప్పుడైనా మారవచ్చు, కాబట్టి మూత విప్పకుండా కోడ్ చదివి సరిపెట్టుకోకూడదు.

ఎనిమిదో రోజు: గేర్‌బాక్స్

ఈ కారు మొత్తంలో మాకు అత్యంత విలువైన లోహపు ముక్క ఇదే. జెడ్/28కు నాలుగు గేర్ల మాన్యువల్ బాక్స్ తప్పనిసరి, ఆటోమేటిక్ ఇవ్వలేదు. మన్సీ బాక్స్ ప్రధాన డొక్క పోత నంబరు 3925661, 1969కి సరైనదే. కుడి పక్క వెనకభాగాన పీ9ఏ27బీ అని ఉంది. పీ అంటే మన్సీ ఫ్యాక్టరీ, 9 అంటే 1969, ఏ అంటే జనవరి, 27 తేదీ, చివరి బీ అంటే ఎం21 అనే దగ్గర నిష్పత్తుల బాక్స్. ఏ ఉంటే ఎం20, సీ ఉంటే ఎం22.

లోపల కూడా ఎం21యేనా? మొదటి గేరు వేసి, అవుట్‌పుట్ షాఫ్ట్ ఒక్క చుట్టు తిరిగేలా ఇన్‌పుట్ షాఫ్ట్‌ను తిప్పాం. 2.20 చుట్లు పట్టింది. ఎం20 అయితే 2.52 పట్టేది. ఎం22కు కూడా 2.20యే కాబట్టి ఇన్‌పుట్ షాఫ్ట్ మీది గాడులు చూడాలి: ఎం20కి రెండు, ఎం21కి ఒకటి, ఎం22కు ఏమీ ఉండదు. ఇక్కడ ఒకటే ఉంది.

తారీఖు పక్కన ఇంకో వరుస: 19ఎన్5, మన కారు ఐదు అంకెలు. ఈ డొక్క 1969 ఫిబ్రవరిలో నార్‌వుడ్‌లో ఈ బాడీకే బిగించారు. జనవరి 24 హౌసింగ్, జనవరి 27 గేర్‌బాక్స్, ఫిబ్రవరి రెండో వారం బాడీ: భాగం ముందు, బాడీ తర్వాత, మధ్య రెండు మూడు వారాలు. ఒక అసలు కారులో తారీఖులు ఇలాగే నడవాలి.

పదో రోజు: ఇంజన్

కుడి వైపు హెడ్డు ముందు, బ్లాక్ పైన చదునైన మెట్టు ఉంటుంది. దాని మీద వీ0128డీజెడ్, పక్కనే 19ఎన్5 వరుస, అంకెలన్నీ సరిగ్గా. వీ అంటే ఫ్లింట్ ఇంజన్ ఫ్యాక్టరీ, జనవరి 28, డీజెడ్ అంటే 1969 జెడ్/28 ఇంజన్. హెడ్లు 3927186, వాటి పోత తారీఖు ఏ 9 9, అంటే 1969 జనవరి 9. అల్యూమినియం ఇంటేక్ 3932472. బ్లాక్ పోత నంబరు 3970010, అదీ 1969లో 302కు వాడిన మూడు పోతల్లో ఒకటి. కాగితం మీద రాసుకుంటే "నంబర్లన్నీ కలుస్తాయి" అన్న మాట నిజమే అనిపిస్తుంది.

మెట్టును కార్బురేటర్ క్లీనరుతో, మెత్తటి బ్రష్‌తో కడిగి పదింతలు చూపే భూతద్దం పెట్టాం. ఫ్లింట్‌లో బ్లాక్ పై ముఖాన్ని బ్రోచ్ యంత్రం ముందు నుంచి వెనక్కి ఒక్క ఊపులో చెక్కుతుంది. అందుకని సన్నటి సమాంతర గీతలు క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన కడ్డీ) దిశలోనే నడుస్తాయి, అంకెల మధ్య నుంచి కూడా. ఇక్కడ ఆ గీతలు లేవు. వాటి బదులు వంపు తిరిగిన గీతలు, మిల్లింగ్ కట్టరు వదిలినవి.

ఒక్క ఆ కారణంతోనే మోసం అనకూడదు. హెడ్డు గాస్కెట్ సరిగ్గా కూర్చోవడానికి పై ముఖం చెక్కించడం ఏ ఇంజన్ షాపులోనైనా జరిగే పని, అప్పుడు అసలు అంకెలు నిజాయితీగానే పోతాయి. కానీ చెక్కితే అంకెలు పోవాలి. చెక్కిన గీతల పైన అంకెలు ఉన్నాయంటే అవి చెక్కిన తర్వాత కొట్టినవి. ఇంకో సూచన కూడా ఉంది. ఇంజన్ కోడ్ ఫ్లింట్‌లో ఒక అచ్చుతో పడుతుంది, వీఐఎన్ వరుస నార్‌వుడ్‌లో ఇంకో అచ్చుతో, ఇంకో చేత్తో పడుతుంది. లోతు, అక్షరం తీరు, వరుస వంపు తేడాగా ఉండాలి. ఇక్కడ రెండు వరుసల్లోని 1, 9 ఒకే అచ్చులోంచి వచ్చినట్టు ఉన్నాయి.

తేల్చింది మాత్రం బ్లాక్ వెనకభాగం. గేర్‌బాక్స్ తీశాక ప్రయాణికుడి వైపు అంచు మీద గ్రీజు తుడిస్తే పోత తారీఖు కనిపించింది: సీ 18 2. 1972 మార్చి 18. జనవరి 1969లో బిగించిన ఇంజన్ 1972లో పోత పోసిన బ్లాక్ కాలేదు. 3970010 పోత 70ల పొడవునా మామూలు 350 ఇంజన్లకు వాడారు కాబట్టి ఈ బ్లాక్ దొరకడం కష్టమేమీ కాదు. నంబరు కలుస్తుందని ఎంచుకున్నారు, తారీఖు సంగతి వదిలేశారు.

హెడ్డు విప్పి డెప్త్ గేజ్‌తో పిస్టన్ కింది నుంచి పైకి కదిలే దూరం కొలిచాం: 88.4 మిల్లీమీటర్లు, అంటే 3.48 అంగుళాలు, 350 స్ట్రోకు. 302కు 76.2 రావాలి. ప్లగ్గు కన్నంలోంచి కడ్డీ దూర్చి ఈ కొలత తీయకండి, ఆ కన్నం ఏటవాలుగా ఉంటుంది కనుక లెక్క తప్పుతుంది. ఆయిల్ పాన్ దించితే క్రాంకును పట్టి ఉంచే మెయిన్ క్యాపులకు రెండేసి బోల్టులే ఉన్నాయి, 1969 జెడ్/28 బ్లాక్‌కు మధ్య క్యాపులకు నాలుగేసి ఉంటాయి. క్రాంక్ మీద అతుకు గీత సన్నగా ఉంది, అంటే పోత క్రాంక్. అసలుదానికి ఫోర్జింగ్ క్రాంక్, ఆ గీత వెడల్పుగా ఉంటుంది.

హెడ్లు, ఇంటేక్ ఈ కారుతో వచ్చినవే అయ్యుండవచ్చు, జనవరి 9 తారీఖు దానికి సరిపోతుంది. కానీ వాటి మీద వీఐఎన్ ఉండదు కాబట్టి "కాలానికి సరిపోయేవి" అని మాత్రమే నమోదు చేశాం.

పదకొండో రోజు: కాగితాలు

పెట్రోలు ట్యాంకు దించి దాని పైభాగం, వెనక సీటు స్ప్రింగుల మధ్య వెతికాం. నార్‌వుడ్ కమారోల్లో బిల్డ్ షీట్ (ఆ కారుకు ఏమేం బిగించాలో ఫ్యాక్టరీలో రాసిన కాగితం) దొరకడం అరుదు, ఇక్కడా దొరకలేదు. వారంటీ పుస్తకంలో అంటించే లోహపు పలక ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ కూడా లేదు. అమెరికాలో అమ్మిన కమారోల తయారీ రికార్డులు కంపెనీ దగ్గర దొరకవు, కొత్తగా కెనడాలో అమ్మిన కార్లకే ఆ సదుపాయం ఉంది. కాబట్టి ఈ కారు కేసు పూర్తిగా లోహం మీదే నిలబడాలి.

పన్నెండో రోజు: నమోదు, తర్వాతి పని

ఫైలులో ఇలా రాశాం. బాడీ: అసలు, ఎక్స్77, మూడు చోట్ల వీఐఎన్, ఒకటి పాక్షికం. రంగు: ఫాదమ్ గ్రీన్, డిక్కీ మూత మీద ఫ్యాక్టరీ రంగు పైన తెల్ల చార. గేర్‌బాక్స్: ఈ కారుదే. హౌసింగ్: తారీఖు సరిపోయింది, వీఐఎన్ ఉండని భాగం. ఇంజన్: ఈ కారుది కాదు, 1972 బ్లాక్ మీద కొత్తగా కొట్టిన అంకెలు. ఈ చివరి వాక్యం, భూతద్దం ఫొటోలతో సహా, కారు ఎవరి చేతికి మారినా ఫైలుతో పాటే వెళ్లాలి. ఈ బ్లాక్‌ను మళ్లీ బిగించడం లేదు. మెట్టు మీది అంకెల పైన ఉలితో అడ్డంగా గీత కొట్టి, ఫొటో తీసి, స్టాండు మీద పెట్టాం.

ఇప్పుడు వెతుకుతున్నది: నాలుగు బోల్టుల క్యాపులున్న 302 బ్లాక్, పోత తారీఖు 1968 డిసెంబరు నుంచి 1969 జనవరి చివరి లోపు, పై ముఖం మీద బ్రోచ్ గీతలు చెక్కు చెదరనిది, సిలిండర్ గోడల మధ్య పగుళ్లు లేనిది. దాని మెట్టు మీద వేరే కారు వీఐఎన్ ఉంటే అలాగే ఉంచుతాం. కార్బురేటరు హోలీ, లిస్ట్ 4053, దాని మీద 3923289 డీజెడ్ అని ఉండాలి. ఈలోగా కౌల్ రేకు పని మొదలైంది. ఐదు అక్షరాలు మిగిలిన ముక్కను కోయకుండా, చుట్టూ 40 మిల్లీమీటర్లు వదిలి కొత్త రేకు అతుకుతున్నాం.